ఎడమ పెడలు

ఎడమ పెడలు తొక్కితే
నానిన అటుకుల మీద కాలేసినట్టున్నది.
కుడిది రాయి.
అందుకే నేల మీద ఉరికినప్పుడల్లా
బండి కుడికే గుంజుతున్నదంటడు ఖల్ఫాన్.
మొన్న రన్‌వే అంచుకున్న లైటొకటి పగిలిందట.
ఆ గాజు ముక్కను జేబుల్నించి తీసి చూపిస్తడు,
బడిల తప్పు ఒప్పుకునే పిల్లగాని లెక్క.

జజీరా అల్ హమ్రా పక్కన రేకుల షెడ్డు.
జూలై. శుక్రవారం. పొద్దున ఆరింటికే పెనం.
నేను షార్జాల కార్ల బ్రేకులు చూసెటోన్ని,
అంతకుముందు ఆర్మూర్ల ట్రాక్టర్లవి.
విమానానికి చెయ్యి పెట్టుడు ఇదే మొదలు.
ఇద్దరు కూసుంటే మోకాళ్లు తగిలే డబ్బా ఇది.
ఎనిమిదేండ్లు ఇంటి గ్యారేజీల
రివెట్టు మీద రివెట్టు కొట్టి చేసుకున్నడట.
పదమూడు వేల రివెట్లు. లెక్క రాసి పెట్టిండు.
తోక మీద మనుమరాలి అరచెయ్యి ముద్ర, నీలం రంగుల.

అలవాటు కొద్దీ
నేను తెచ్చుకున్న సీసా మూత తిప్పిన,
కార్లకు పోసే బ్రేకు నూనె.
ముసలాయన నా మణికట్టు పట్టుకున్నడు.
"లింబాద్రీ, అది పోస్తే లోపలి రబ్బరు రింగులు
ఉబ్బి పాడైతయ్."
హిందీ కొంత, అరబ్బీ కొంత, మిగతాది వేళ్లతోని.
అలమారల్నించి ఎర్ర నూనె తీసిండు,
మందారం నానేసిన నీళ్ల రంగు.
ఇరవై రెండేండ్ల పనితనం నాది,
నోరు మూసుకొని సీసా మూత బిగించుకున్నది.

ఇగ వెతుకుడు.
నట్ల కింద కాగితం పరిచిన, తడి లేదు.
పిస్టన్ చుట్టూ వేలు తిప్పిన, పొడి.
ప్యాడ్లు మందంగనే ఉన్నయ్, డిస్కు నున్నగనే ఉన్నది.
పైన డబ్బాల నూనె తగ్గలే.
అంటే దొంగ బయటికి పోలే,
ఇంట్లనే ఉన్నడు.
గాలి.

నవ్వొచ్చింది.
గాలి లేకుంటే లేవలేని బండి
ఇంత గాలి మింగి ఆగలేకపోతున్నది.

కార్లకు చేసినట్టే చేసినం.
పైన బైజు పెడలు మీద, కింద నేను నిపిల్ దగ్గర.
తొక్కు. పట్టు. విడువు.
తొక్కు. పట్టు.
నలభై సార్లో, యాభై సార్లో.
నా చెమట నూనెల పడకుంట
తలకాయ పక్కకు తిప్పుకొని పానా తిప్పిన.
పెడలు మళ్ల అటుకులే.

పన్నెండున్నరకు ఖల్ఫాన్ జుమ్మా నమాజుకు పోయిండు.
బైజు రెక్క నీడల నిద్రపోయిండు.
నేను సీటు కింద వెల్లకిల పండి, నోట్ల టార్చి పట్టుకొని
పాలరంగు గొట్టాన్ని జానెడు జానెడు తడుముకుంట పోయిన.
పెడలు దాటంగనే అది పైకి లేచి
ఒంటె మూపు లెక్క వంగి మళ్ల దిగుతున్నది.
ఆ మూపుల,
సజ్జగింజంత బుడగ. దాని పక్కన ఇంకోటి, దాని పిల్ల.
నేను కిందికి ఎంత గుంజినా
అది మీదికి పోదామనే చూస్తున్నది.
దాని తప్పేమున్నది, గాలి గుణమే అది.
కార్లకు నిపిల్ పైన ఉంటది.
దీనికి కింద ఎందుకు పెట్టిన్రో
టార్చి చొంగల తడుస్తుంటే సమజైంది.

ఖల్ఫాన్ వచ్చినంక
నూనె పంపును కింది నిపిల్‌కు తగిలించి
అడుగు నుంచి మీదికి, మెల్లగ, గుక్క గుక్క.
ఎరుపు ఎక్కింది.
బుడగ కదిలింది. మూపు కాడ అలిగి నిలబడ్డది.
ముసలాయన స్క్రూడ్రైవరు పిడితోని
గొట్టాన్ని సన్నగ తట్టిండు,
పసిపిల్ల వీపు తట్టి తేనుపు తెప్పిస్తరు సూడు, అట్ల.
పైన డబ్బాల 'బుడుక్' అన్నది.
ఇద్దరం ఒకల మొఖం ఒకలం చూసుకున్నం.

ఎడమ పెడలు రాయి.

పొద్దుగూకంగ నన్ను పక్క సీట్ల కూసోబెట్టుకొని
రన్‌వే మీద ఉరికించిండు, లేవకుంట, నేల మీదనే.
అద్దంల నుంచి ఉప్పు వాసన, ఇసుక.
తెల్ల గీత కాడ రెండు పెడళ్లూ తొక్కిండు.
ముక్కు అటు పోలే, ఇటు పోలే.
"ఎగురుదామా?" అన్నడు.
ఆగుడు వరకే నా పని, అన్న.
అన్న గాని,
బెల్టు విప్పలే.